తెర మీద అక్క

ఇంటర్వెల్ కాకముందే సిద్ధరాములుకు లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేడు. పక్కనే బావ రాజారాం కూర్చుని ధోవతి చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అవతల ఆడవాళ్ళ బెంచీల్లో ఎక్కడో అక్క చంద్రభాగ ఉంది. తెర మీద ఏడుస్తున్నది ఆ అక్కేనని సినిమా కంపెనీవాళ్ళు అంటున్నారు.

సిద్ధరాములు పగలంతా చీరలు నేసేవాడు. తీరిక దొరికితే తెలుగులో కథలు రాసేవాడు. అవి హైదరాబాదు పత్రికల్లో అచ్చయితే, షోలాపూర్ సాలెవాడలో చదివేవాళ్ళు తక్కువ కాబట్టి తనే నలుగురిని కూర్చోబెట్టి వినిపించేవాడు. వాటిలో ఒకటి అక్క కథ. బావ బొంబాయి మిల్లుకని పోయి అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడు. వాడలో ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టేవాళ్ళు, మగవాళ్ళు నేసేవాళ్ళు. అక్క మాత్రం మొగుడి మగ్గం గుంతలోకి తనే దిగింది. కులపెద్దలు వచ్చి అరిచినా లేవలేదు. కొన్నేళ్ళకు బావ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడితే, "మగ్గం ఖాళీ లేదు. కండెలు చుడ్తనంటె లోపల్కి రా" అంది. ఆయన వచ్చాడు. చుట్టాడు. సిద్ధరాములు రాసిన కథ ఆ మాట దగ్గరే ముగిసింది.

ఒక మరాఠీ మిత్రుడు దాన్ని తర్జుమా చేస్తే పుణెలో ఓ సినిమా కంపెనీ కంట పడింది. కబురు వచ్చిన రోజు సిద్ధరాములు కాళ్ళు నేల మీద ఆగలేదు. అక్షరం ముక్క రాని సాలెవాడ అంతా ఇక తన కథ చూస్తుందనుకున్నాడు.

ఇప్పుడు చూస్తోంది. తెర మీద మగ్గమైతే ఉంది, దానికి పూలదండ వేసి ఉంది. అక్క వేషం వేసిన నటి దానికి హారతి ఇస్తూ ఒక పాట పాడింది. మొగుడి చెప్పులు కళ్ళకద్దుకుని ఇంకో పాట పాడింది. ఒక్క పోగు నేసింది లేదు. చివరికి మొగుడు రాగానే కాళ్ళ మీద పడింది. అతను ఆమెను లేవనెత్తి, తను వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు. హాలంతా ఈలలు, వెక్కిళ్ళు.

మొదటి ఆట చూడటానికి దర్శకుడు స్వయంగా వచ్చాడు. సిద్ధరాములు ఆయన్ని గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఆమె నేసిందండీ. కథంతా అదే. దాన్నే తీసేశారేం?" అని మరాఠీలో అడిగాడు.

"నేస్తూ కూర్చుంటే తెర మీద ఏం చూపించమంటావు? చెయ్యి అటూ ఇటూ ఆడటమేగా! జనాన్ని చూడు. నీ కథకేనయ్యా అంత ఏడుపు."

"నా కథకు కాదు" అన్నాడు సిద్ధరాములు.

దర్శకుడు నవ్వి భుజం తట్టి, ఇంకెవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు.

సంగతి అక్కడితో పోలేదు. మర్నాడు పొద్దున రాజారాం తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చంద్రభాగ కన్నా ముందే వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు.

"లెవ్వు" అంది చంద్రభాగ.

"ఎందుకు లెవ్వాలె? మొగనికి బాయకో అంటె ఎట్లుండాల్నో నిన్న చూస్తివి గద. ఊరంత చూసింది."

అరుగు మీద చుట్ట కాలుస్తున్న కులపెద్ద పెంటప్ప అందుకున్నాడు. "ఖరే, నిజమే అన్నడు. సినిమాల ఆ పోరి ఎంత అణకువగున్నది చంద్రీ! నువ్వే మొండికేసినవ్."

సిద్ధరాములుకు ఒళ్ళు మండింది. "తాతా, అది అబద్ధం. మా అక్క ఎవ్వని కాళ్ళ మీద పడలే. నువ్వప్పుడు ఈడనే ఉన్నవ్. నీ కండ్లతోని చూసినవ్."

"చూసిన బిడ్డా" అన్నాడు పెంటప్ప, కాస్త తడబడి. "గని ఇప్పుడు నాకు పడ్డట్టే యాదికొస్తున్నది."

ఆ ముసలాయన అబద్ధమాడటం లేదని సిద్ధరాములుకు అర్థమైంది. కోపం అందుకే ఎక్కువైంది.

చంద్రభాగ వాదించలేదు. "సరే, నెయ్యి" అని గోడకు ఆనుకుని నిలబడింది. రాజారాం పోగుల మధ్యకు నాడె విసిరాడు. అది దారి తప్పి పోగుల్ని తెంపుకుంటూ కింద పడింది. ఏళ్ళుగా చేత పట్టని పని. మధ్యాహ్నానికి చీర అంచు పాడుచేసి, ఎవరి ముఖమూ చూడకుండా లేచి కండెల దగ్గరికి పోయాడు. చంద్రభాగ గుంతలోకి దిగి తెగిన పోగులు అతకడం మొదలుపెట్టింది.

"నువ్వన్న చెప్పక్కా వాడోళ్ళకు, ఆ సినిమా అబద్ధమని" అన్నాడు సిద్ధరాములు.

"నీది నిజమా?"

"నేను ఉన్నదే రాసిన."

"మీ బావొచ్చిన నాడు నేను లోపల్కి పోయి కడుపునిండ ఏడ్చిన తమ్మీ. ఆ కండెల మాట తర్వాతనే అన్న. నీ కథల నేను ఏడ్వనే లేదు."

"నాకెట్ల తెలుస్తది?"

"అడిగినవా?"

 ఏడుపూ మగ్గమూ రెండూ ఉండేలా మళ్ళీ రాయాలని ఆ సాయంత్రమే సిద్ధరాములు కాగితాలు ముందేసుకున్నాడు. అక్క గుమ్మంలోంచి లోపలికి నడవాలి, అక్కడ ఒంటరిగా ఏడవాలి. కళ్ళు మూసుకుంటే ఆ నటి వచ్చింది, కాటుక కళ్ళతో, జడలో పూలతో. కొట్టేసి మళ్ళీ రాశాడు. మళ్ళీ ఆమే. తను చిన్నప్పటి నుంచి చూస్తున్న ముఖం తనకే కళ్ళకు కట్టడం లేదు. కాగితం నలిపి మూలకు విసిరికొట్టాడు.

తర్వాత లేచి వెళ్ళి మగ్గం ఎదుట నిలబడ్డాడు. అక్క పళ్ళతో పోగు కొరుకుతోంది. చెంపకు నూలు దుమ్ము అంటుకుని ఉంది.

"ఏంది రాములు, గట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదక్కా. నువ్వు నెయ్యి."

"ఎట్ల నెయ్యాలె? వెల్తురుకు అడ్డమొస్తివి. జర పక్కకు జరుగు."

అతను జరిగాడు. కానీ చూడటం మానలేదు.