ఈల ఆగిన బుధవారం

మా వీధిలో గ్యాస్ గొట్టం వేస్తున్నారు. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌ను ఆయిల్ నుంచి గ్యాస్‌కు మార్చుకోదలిచినవాళ్ళు శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. ఆ తరువాత రోడ్డు వేసేస్తారు. కొత్త రోడ్డును అయిదేళ్ళదాకా తవ్వనివ్వరు.

నేను మారకూడదనే అనుకున్నాను. మా సెల్లార్ ట్యాంకులో నలభై ఏళ్ళుగా ఆయిల్ పోస్తున్నది మా అన్నయ్య ఫెర్నాండ్. ఒక బండి, ఒక మనిషి, అదే ఆయన కంపెనీ.

"సొంత చెల్లెలివి నువ్వే మారితే, ఇంక ఈ లూయిస్టన్ ఊళ్ళో నా మొహం ఎవరు చూస్తారే ఓడెట్?" అన్నాడు ఆదివారం చర్చి మెట్ల మీద.

"గ్యాసూ లేదు, గాడిద గుడ్డూ లేదు. బుధవారం వచ్చి పోసి వెళ్ళు" అన్నాను.

వచ్చాడు. గొట్టం తగిలించి పంపు తిప్పాడు. ట్యాంకు నిండుతున్నంతసేపూ గోడ బయటి గాలిగొట్టం ఈల వేస్తుంది. ఈల ఆగిందంటే నిండినట్టే, వెంటనే కట్టెయ్యాలి. నేను వంటింటి కిటికీ దగ్గర బఠాణీ సూప్ కలుపుతున్నాను. ఈల ఆగింది. అన్నయ్య కదలలేదు. చూస్తుండగానే గాలిగొట్టంలోంచి ఎర్రటి ఆయిల్ పొంగి గోడ మీదుగా కారింది. అద్దం బాదాను, లాభం లేకపోయింది. రెండు చేతులూ ఊపితే అప్పుడు చూసి కట్టేశాడు.

నేను బయటికి వచ్చేసరికి ఇంజను కూడా ఆపి, గొట్టం చుడుతున్నాడు. వెనక నిలబడి "అన్నయ్యా" అన్నాను. తిరగలేదు. ఎదురుగా వెళ్ళి అడిగాను.

"ఎన్నాళ్ళయింది వినబడక?"

"రెండు చలికాలాలు. నీ ఇంట్లో అయితే నాకు బెంగ లేదే. ఈల ఆగగానే నువ్వు తలెత్తుతావు, నిన్ను చూసి కట్టేస్తాను. ఇవాళ నువ్వు గిన్నెలోకి చూస్తున్నావు."

"మరి మిగతా ఇళ్ళల్లో?"

మళ్ళీ గొట్టం చుట్టసాగాడు. పోయిన నెల ఆయన పోసి వెళ్ళాక, ఊళ్ళో ప్లూర్డ్ వాళ్ళ సెల్లార్ నిండా ఆయిల్ నిలిచింది. ట్యాంకు పాతదన్నాడు. ఊరంతా నమ్మింది, అందరికన్నా ముందు నేను నమ్మాను.

లోపలికి వెళ్ళి గ్యాస్ కాగితం తెచ్చి, ఆయన ముందే బండి మీద పెట్టి సంతకం చేశాను. కోపం ఆయన మీదో నా మీదో తెలియలేదు.

"ఇంక అందరూ పోతారు" అన్నాడు.

నేను తల దించుకున్నాను. "పోవాలి. మిగతావాళ్ళకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఏమన్నావు? ఇంజను చప్పుడులో సరిగ్గా వినబళ్ళేదు."

ఇంజను తనే ఆపాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను తలెత్తి, ఆయనకు నా పెదాలు కనబడేలా, ఆ మాటే మళ్ళీ చెప్పాను.