ఏడో కట్ట

శుక్రవారం నమాజు అయ్యాక మహబూబ్ బాషా మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఈ అరబ్బు దేశంలో, అల్ అజీజియా పేటలో మా కింది వాటాలో ఉండే డ్రైవరు, మా జమ్మలమడుగువాడే. సెలవు నుంచి తిరిగొస్తే నా చేతి టీ తాగి, ఊరి కబుర్లన్నీ చెప్పిగానీ కదలడు. ఆ రోజు మాత్రం ఒక పొట్లం నా కొడుకు అనీస్ చేతిలో పెట్టి వెనక్కి తిరిగాడు.

"టీ తాగిపో బాషా," అన్నాను.

"మళ్లొస్తాలే పెద్దమ్మా. బండి అడ్డంగా పెట్టినా." నా మొహం చూడకుండానే దిగిపోయాడు.

ఆ పొట్లం నాకే. అందులో ఉన్నది ఏడో కట్ట.

నా తమ్ముడు ఇస్సాక్ పరుపులు కుడతాడు. పాత కాగితాల అంగట్లో వాడికొక ఇంగ్లీషు డిటెక్టివు నవల తెలుగులో దొరికింది. నూట యాభై ఏళ్ల కిందట లండన్‌లో అది ఒక పత్రికలో వారం వారం అచ్చయిందనీ, తర్వాతి భాగం కోసం జనం అంగడి ముందు కాచుకునేవారనీ ముందుమాటలో ఉందట. "నీకు పుస్తకమంతా ఇస్తే ఒక్కపూటలో మింగేస్తావక్కా. ఆ దొరసానుల మాదిరి నువ్వూ కాచుకో," అని వాడు దాన్ని ఏడు కట్టలుగా కోశాడు. తెచ్చేవాళ్లు ముందే చదివేయకుండా ప్రతి కట్ట అంచులనూ పరుపు దారంతో కుట్టేసి, సెలవు నుంచి తిరిగొచ్చే మా ఊరివాళ్ల చేత ఒక్కొక్కటే పంపాడు. ఆరో కట్ట చివర పోలీసాయన ఒక చేతి తొడుగును కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి, దాని కుట్టు చూసి, "ఇది కుట్టినవారు ఈ గదిలోనే ఉన్నారు," అన్నాడు. రెండు నెలలుగా నేనక్కడే ఆగి ఉన్నాను.

అనీస్ పొట్లం నాకివ్వకుండా టీవీ పైన పెట్టాడు. కోడలు మెహజబీన్ నా చేతిలోని ఫోను తీసుకుంది.

"ఛార్జింగు పెడతానత్తా. ముందు అన్నం తినండి."

పళ్లెంలో ఎప్పటికన్నా ఎక్కువ అన్నం ఉంది. పళ్లాన్ని పక్కకు నెట్టాను.

మా ఆయన రియాద్‌లో పోయిన రోజు కూడా నాకు ముందు అన్నమే పెట్టారు. మావాళ్లు దూరాన జరిగిన చావును ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి చెప్పరు. నేను తిని చెయ్యి కడుక్కున్నాకే మా మామ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మా ఆయన ఉత్తరాలు పక్కింటివాళ్ల చేత చదివించుకోలేక, పొట్లాల కాగితాల మీద అక్షరాలు పోల్చుకుని చదువు నేర్చినదాన్ని నేను. చదవడం వచ్చిన ఏడాదికే ఉత్తరాలు ఆగిపోయాయి.

"ఇస్సాకుకు ఏమైందిరా?"

"ఏం కాలేదుమా. బాగుండాడు."

"అయితే ఫోను కలుపు."

"అక్కడ కరెంటు లేదంట."

"బ్యాటరీ ఫోనుకు కరెంటెందుకురా? నలభై ఏళ్లొచ్చినా అబద్ధమాడేది రాకపాయె నీకు."

నేను లేచి పొట్లం తీసుకున్నాను. అనీస్ అడ్డం రాబోయి ఆగాడు. కాగితం విప్పేటప్పుడు నాకున్న భయం ఒక్కటే. ఆ కుట్టు ఇంకెవరిదైనా అయితే నా తమ్ముడు లేనట్టే.

కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆరు కట్టల మీదా కుట్లు కుడివైపుకు వాలి, గీత గీసినట్టుండేవి. ఇవి వంకరటింకరగా ఎడమకు వాలి ఉన్నాయి. సూది ఒకేచోట మూడుసార్లు గుచ్చుకుంది. అట్ట మీద మిరపగింజంత రక్తపు మరక. ముడి కోసం వెతికాను. దారాన్ని మూడు మెలికలు తిప్పి, కొసను కుట్టు లోపలికి మింగించేశారు. మా నాయన వాడికొక్కడికే నేర్పిన ముడి అది.

"బతికే ఉండాడు," అన్నాను. "కుడిచెయ్యి పడిపోయిందా?"

మెహజబీన్ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అనీస్ నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"పక్షవాతంమా. ఇరవై దినాలైంది. మాట గూడా పోయింది. అది కుట్టేదానికి రెండు దినాలు పట్టిందంట, ఎవరినీ ముట్టుకోనియ్యలేదంట. నీకు చెప్తే తట్టుకోలేవని..."

"డాక్టరేమంటాడు?"

"మళ్లీ వస్తే కష్టం అన్నాడు."

ఫోను కలిపాడు. తెర మీద, మంచంలో ఇస్సాక్, నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. నన్ను చూసి ఏదో శబ్దం చేశాడు, అందులో మాట లేదు. ఎడమచేతి రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. కోసి చదువు అని.

"కొయ్యను," అన్నాను. "దొంగెవరో నీ పక్కన కూచునే చదువుతా. అంతవరకు నువ్వు యాడికీ పోవద్దు."

ఫోను పెట్టేశాక టికెట్టు తీయమన్నాను.

"పోతే ఈ వీసా అయిపోతుందిమా. మళ్లీ ఇస్తారో లేదో," అన్నాడు అనీస్. వాడి గొంతు చిన్నపిల్లాడిదైంది. వాడి తల మీద చెయ్యి వేశాను. అయినా తీయమనే అన్నాను.

మంగళవారానికి దొరికింది. కట్టను పెట్టెలో పెట్టకుండా చేతిసంచీలో పెట్టుకున్నాను. లండన్‌లో వాళ్లు వారమేసి ఆగేవాళ్లు, నాకు నాలుగు రోజులే. కానీ మర్నాటి మధ్యాహ్నం మెహజబీన్ అన్నం వడ్డిస్తుంటే గరిటె వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక్క గరిటె ఎక్కువ వేస్తుందేమోనని.