గాలి తాకితే చాలు

పులిహోరకు చింతపండు పిసుకుతున్నాను. మా ఆయన సారంగపాణి గడప అవతల నిలబడి నా వ్యాసం చదువుకుంటున్నారు. లోపలికి రారు. నేను మడి కట్టుకున్నాను మరి. ఈ తడిచీరలో ఉన్నంతసేపూ నన్నెవరూ ముట్టుకోకూడదు, నేను ఒక్క కాగితమైనా ముట్టుకోకూడదు. కొత్త కోడలిగా ఈ ఆచారానికి ఏడ్చినదాన్నే. కానీ నిజం చెప్పొద్దూ, ఈ ఇంట్లో నన్ను నా మానాన వదిలేసేది ఇప్పుడే. నా లెక్కలన్నీ ఈ పొయ్యి ముందే కుదిరాయి.

మధ్యాహ్నం యూనివర్సిటీలో సెమినార్. మేమిద్దరం ఫిజిక్స్ చెప్పేవాళ్లమే. రాసింది నేను, మాట్లాడబోయేది ఆయన. "ఇంటికి చుట్టాలొస్తా ఉండారు, వంటెవురు చేస్తారు? నువ్వు రాసిందే గదా, నేను చదివేస్తా. ఇద్దరి పేర్లూ పెట్టుకుందాం" అన్నారు నిన్న. అబ్బో, ఎంత పెద్ద మనసో! అయినా సరేనన్నాను.

పరమాణువు ఒకేసారి రెండు చోట్ల ఉండగలదు. మరి పొయ్యి మీది ఈ గుండిగ ఎందుకుండలేదు? గాలీ వెలుతురూ దాన్ని క్షణం వదలకుండా తాకుతుంటాయి. తాకిన ప్రతిదీ అదెక్కడుందో కబురు మోసుకుపోతుంది. ఆ కబురు నలుగురికీ పొక్కాక, లోకానికి అది ఒక్కచోటే కనిపిస్తుంది. ఇంత మాట గట్టిగా చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. రాస్తుంటే నా గురించే అనిపించేది. పొద్దున్నే "కోమలా, కాఫీ." బస్సులో "సారంగపాణిగారి మిసెస్ గదా?" డిపార్టుమెంటులో "మేడం, కాస్త టీలు చెప్తారా?" పిలిచిన ప్రతివాళ్లూ నన్ను ఏదో ఒక్కదానిగా ఖాయం చేసేసి పోతారు. ఇంకేమేం కాగలనో నేనే మరిచిపోతున్నాను. ఒళ్లు మండుతుంది.

"కోమలా, చివర్లో ఒక మాట కలిపినా" అన్నారాయన. "చూసే ఆత్మ ఉంటేనే వస్తువు నిలుస్తాదని మన పెద్దోళ్లు ఎప్పుడో చెప్పినారని. దేవస్థానం ఆఫీసర్లు కూడా వస్తా ఉండారు. చప్పట్లే చప్పట్లు!"

"ఆత్మ అక్కర్లేదండీ, గాలి తాకితే చాలు. చూసే నాథుడు లేకపోయినా చంద్రగిరి కోటలో రాయి ఒక్కచోటే ఉంటుంది. వ్యాసమంతా అదే గదా!"

"ఆ తేడా ఎవురికి తెలుస్తాది లేవే."

నాకు తెలుస్తుంది. రెండేళ్ల పనిని చప్పట్ల కోసం తలకిందులు చేస్తున్నాడీ మనిషి, అదీ నా పేరు మీదే. చెయ్యి కడుక్కున్నాను. గడప దాటి ఆయన చేతిలోంచి కాగితాలు లాక్కున్నాను.

"అయ్యయ్యో, మడి మంటగలిపినావు గదే!" పూజగదిలోంచి అత్తగారు పరుగున వచ్చారు. "ఈ వంట పెరుమాళ్ల నైవేద్యానికింక పనికొస్తాదా?"

"రాదత్తయ్యా. మళ్లీ మొదట్నుంచీ చెయ్యాల్సిందే."

"చేసేదెవురు?"

"నేను సెమినార్‌లో మాట్లాడాల. కొండమీద గుడి పోటులో స్వామికి వండేది మగవాళ్లే గదత్తయ్యా. మీ అబ్బాయిని స్నానం చేసి మడి కట్టుకోమనండి."