తెగిన తీగల లెక్క

పెద్దాయన కాలు నుజ్జయిన మూడో రోజున షెడ్డు గోడకి నోటీసు అంటించారు. "కార్మికుని అజాగ్రత్త వలన ప్రమాదం జరిగినది." ఇరవై ఏళ్లుగా యుద్ధట్యాంకుల టరెట్లకి, అంటే ఫిరంగి మోసే ఆ ఇనుప తలకాయలకి, గొలుసులు తగిలించిన మనిషికి ఒక్క వాక్యంతో అజాగ్రత్త అంటగట్టేశారు!

క్రేన్ డ్రైవరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఆ వేళ పైన కేబిన్‌లో ఉన్నది తనే. బ్రేకు పడే ఉంది, చెయ్యి లీవరు మీద లేదు. ఉక్కుతాడే ఝల్లుమని జానెడు జారింది. ఆ జానెడు కిందే పెద్దాయన కాలుంది. ఆ కేక ఇంకా అతని చెవుల్లోంచి పోలేదు.

అంతకు నెల ముందు పై ఆఫీసు నుంచి తనిఖీ ఇంజనీరమ్మ వచ్చింది. నిచ్చెనెక్కి తాడంతా చూసి, దిగేటప్పటికి ముఖం మాడ్చుకుంది. "ఏమైందమ్మా?" అంటే, "సలహా రాసిచ్చాను. ఏం రాశానో చెప్పకూడదు, రక్షణశాఖ కాగితం" అంది. దాని మీద రహస్యమని ముద్ర కొట్టి బీరువాలో పెట్టారు. శత్రువుకి తెలియకూడదట. తాడు కింద నిలబడేవాడికీ తెలియకూడదట!

పెద్దాయన చోట ఇప్పుడు డ్రైవరు బావమరిదిని నిలబెట్టారు. శనివారంలోగా ఆరు టరెట్లు ట్యాంకుల మీదికెక్కాలి.

"మా తమ్ముణ్ణి కింద నిలబెట్టి నువ్వు పైన కూర్చుని మీటలు నొక్కుతావా?" అంది భార్య, పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ. అతను డబ్బా అందుకుని షెడ్డుకి బయల్దేరాడు.

టీ గంటకి అందరూ షెడ్డు వెనక చేరారు.

"ఆ సలహా చదివి వినిపించమందాం," అన్నాడు ఫిట్టరు.

"వినిపిస్తారు, జైల్లో!" అన్నాడు వెల్డరు. "పిల్లలు గలవాణ్ణి. నన్ను లాగకండ్రా."

"పెద్దాయనకి లేరా పిల్లలు?" అంది ప్యాకింగ్ అక్క.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "కాగితం వాళ్లది, దాచుకోనీ. తాడు మన నెత్తి మీదే ఉందిగా! గుడ్డ పెట్టి చూద్దాం."

తాడుకి గుడ్డ చుట్టి లాగితే, తెగిన ప్రతి తీగా ఒక పోగు పట్టుకుంటుంది. పెద్దాయన నేర్పిన విద్య అది. వారం వారం చేసేవాళ్లు. ఆర్డర్లు పెరిగాక గుడ్డ మూలపడింది.

"గుడ్డ ఎందుకు మానిపించారని మనం అడగలేదు చూడండి, ఆ తప్పు మాత్రం మనదే," అన్నాడు డ్రైవరు.

గంట మోగింది. డ్రైవరు కొక్కేన్ని టరెట్ దాకా కాదు, నేల దాకా దించేశాడు. కరెంటు ఆపి తనూ దిగాడు. మూరెడు తాడులో పది తీగలు తెగితే మార్చాలని, తయారుచేసినవాడే క్రేన్‌కి రేకు కొట్టి మరీ రాశాడు. నూరు మంది చుట్టూ మూగారు. బావమరిది గుడ్డ చుట్టి మెల్లగా లాగాడు. పోగు తగులుకుంది.

"ఒకటి!" అంది షెడ్డంతా.

లెక్క ఆరుకి చేరేసరికి ఆఫీసరు గార్డులతో పరిగెత్తుకొచ్చాడు. "సరిహద్దులో జవాన్లు ప్రాణాలిస్తుంటే, మీరు తాడుకి భయపడతారా?"

"అక్కడ చావాలంటే శత్రువు కావాలి సార్. ఇక్కడ మీరు చాలరూ?" అంది ప్యాకింగ్ అక్క.

"నోర్ముయ్! లెక్క ఆపండి! ఆ అంకె రహస్యం!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. "అయితే అంకె సార్‌కి ముందే తెలుసన్నమాట," అన్నాడు ఫిట్టరు. నవ్వబోయినవాళ్ల ముఖాల్లో నవ్వు చచ్చిపోయింది.

గార్డులు గుడ్డ లాక్కుని కవర్లో పెట్టి లక్క ముద్ర వేశారు. డ్రైవరు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"బావా!"

"లెక్క ఆపకురా!"

గుడ్డ లేదు. అప్పుడు వెల్డరు తన చొక్కా విప్పి అందించాడు.

గార్డులు డ్రైవరుని జీపులోకి తోసి తలుపు వేశారు. అతనికి భయం వేసింది, దాచడమెందుకు? వెనకనుంచి "తొమ్మిది", "పది" వినబడ్డాయి. "పదకొండు" కూడా. జీపు మలుపు తిరిగి రెండో షెడ్డు ముందుకొచ్చింది. అక్కడి క్రేన్ రొద ఆగిపోయి ఉంది. తెరిచిన షెడ్డు తలుపులోంచి అక్కడి జనం గొంతు ఒక్కటై మోగింది.

"ఒకటి!"