లూమా దేశపు మంత్రిగారి దగ్గు

తొమ్మిదో మిర్చి టిక్కీ బస్తా భుజానికెత్తుకుని యలమందయ్య దగ్గాడు. కావాలనే దగ్గాడు. వెనకే మోస్తున్న ముస్తాక్ పెదవి విరిచాడు.

"మేక చీదినట్టుంది బాబాయ్. మంత్రులు అట్టా దగ్గరు."

గుంటూరు మిర్చి యార్డులో ముప్పై రెండేళ్లు మోసినవాడికి ఘాటు ఎక్కదు. అతని చెయ్యి నాకిన కుక్క సత్తెనపల్లి దాకా ఆగకుండా పరిగెత్తిందని యార్డులో చెప్పుకుంటారు. గొంతు మొద్దుబారిపోయింది. ఛాతీలో మాత్రం రాత్రీ పగలూ ఈల మోగుతుంది. దుమ్ములేని చోటికి వెళ్లకపోతే ఏడాది కూడా కష్టమన్నాడు డాక్టరు. గుంటూరులో మిరప దుమ్ము, చిలకలూరిపేటలో పత్తి దుమ్ము, మధ్యలో లారీల దుమ్ము.

అప్పుడు దొరికాడు లక్ష్మీకాంత్. సముద్రం నడుమ లూమా అనే దేశంలో ఇళ్లు అమ్ముతున్నాడు. ఇల్లు కొంటే పౌరసత్వం ఉచితం. కొనేవాళ్లకు చూపించడానికి ఆ దేశపు మంత్రి ఒకడు కావాలి. నల్లగా, భారీగా, ఉంగరాల జుట్టుతో యలమందయ్య సరిపోయాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి హుందాగా కూడా ఉంటాడు.

"మీటింగు బాగా జరిగితే అక్కడ వాచ్‌మన్ పని నీదే," అన్నాడు లక్ష్మీకాంత్.

"అక్కడ మిరప పండుద్దాండీ?"

"మొలవను కూడా మొలవదు. అందుకే భోజనంలో కారం తగిలి నువ్వు దగ్గాల. చీరాల్లో పెట్టిన మంత్రి ఊరమిరపకాయలు నాలుగు నమిలి తెలుగులో మజ్జిగడిగాడు. కుర్చీలు లేచినయ్యి."

ఆ పొద్దున మోత ముగించి పదింటికి కారెక్కాడు. చిలకలూరిపేట ఫంక్షన్ హాల్లో అద్దె కోటు తొడిగారు. తలగుడ్డ తీసేయమంటే, బట్టల్లేనట్టు సిగ్గుపడి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

రెండొందల మంది రైతులూ వ్యాపారులూ చూస్తుండగా ఊరమిరపకాయ కొరికాడు. అటుకులు నమిలినట్టుంది. దగ్గబోయాడు, రాలేదు. లక్ష్మీకాంత్ కళ్లెర్రజేశాడు. యలమందయ్య సముద్రాన్ని తలుచుకుని, ముప్పై రెండేళ్లలో పీల్చనంత గాలి పీల్చాడు.

ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది. వచ్చింది ఇక ఆగలేదు.

హాలు నవ్వింది. "మన కారవంటే మాటలా," అన్నాడొక రైతు, పొలం తానే దున్ని తినిపించినట్టు. ఇంకొకాయన పంచదార పంపాడు. యలమందయ్య బల్ల పట్టుకుని, "ఊపిరి... ఊపిరాడ్డంలా..." అన్నాడు దగ్గులో నలిగిన మాటతో.

లక్ష్మీకాంత్ మైకందుకున్నాడు. "లూమా భాషలో మీకు కృతజ్ఞతలు చెబుతున్నారండి."

చప్పట్లు కొట్టారు. మంత్రిగారు బల్ల మీద తల వాల్చారు. ప్రయాణ బడలికన్నారు. పాపం, నిద్ర చెడకూడదని మిగతా మీటింగంతా గుసగుసలతో నడిపారు. నలభై ఒక్క ఇళ్లు బుక్కయ్యాయి.

సాయంత్రం కోటు విప్పి, అతన్ని ఆటోలో భార్య సుబ్బరావమ్మ దగ్గరికి పంపారు. పాడె మీద తలకి చుట్టాలని ఆమె చాలాసేపు అతని తలగుడ్డ కోసం వెతికింది.

మర్నాడు ఆ కోటు ఒక పెళ్లికొడుకు రిసెప్షన్‌కి వెళ్లింది. స్టేజీ మీద అతను తుమ్ముతూనే ఉన్నాడు. జేబులో నాలుగు మడతలు పెట్టిన తలగుడ్డ, మడత మడతకీ మిరప దుమ్ముతో ఎర్రగా.