యాభై ఎనిమిది శాతం

"ఫిఫ్టీ ఎయిట్, ఇంకో చేప ముక్క తే" అన్నాడు ప్రవీణ్, ఆఫీసు స్నేహితుల ముందు. వాళ్ళు అర్థంకాక చూస్తే తనే చెప్పాడు. "మా ఆవిడ డిగ్రీ మార్కులు. హిస్టరీలో యాభై ఎనిమిది శాతం. నాకు ఇంజనీరింగ్‌లో ఎనభై నాలుగు." వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి, ముక్క వడ్డించాను.

మా ఇద్దరి కుటుంబాలవీ కలకత్తా ఖిదిర్‌పూర్ రేవు క్వార్టర్లే. అతన్ని విశాఖ పంపి చదివించారు. నేను ఇక్కడి కాలేజీలోనే చదివాను. పెళ్ళైన కొత్తలో చెప్పాను, మా కాలేజీలో చరిత్రకి అరవై రావడమే గగనమనీ, నాది రెండో స్థానమనీ. "అందరూ మొద్దులైతే సెకండేటి, ఫస్టేటి" అన్నాడు. చెప్పడం మానేశాను. మానేసిన కొద్దీ నేనూ అతని లెక్కనే నమ్ముతూ వచ్చాను. మా అత్త మహాలక్ష్మమ్మ "మార్కులు నేకపోయినా వంటైనా రావాల గదేటి" అంటుంటే తల దించుకుని ఉల్లిపాయలు తరిగాను. స్కూల్లో పాఠం చెప్పి వచ్చి, మళ్ళీ తరిగాను.

మా అమ్మమ్మ అప్పమ్మ రేవులో బొగ్గు గంపలు మోసింది. అలాంటి ఆడవాళ్ళ గురించి పరిశోధించాలని నా కోరిక. ఇంగ్లండులో ఒక పెద్ద విశ్వవిద్యాలయం అలాంటి చదువుకి ఏడాది స్కాలర్‌షిప్ ఇస్తోందని మా స్కూల్లో పనిచేసే పుష్పరాణి చెప్పింది. ప్రవీణ్‌తో అంటే ఫోన్లోంచి తలెత్తలేదు. "నా మార్కులకే ఫారిన్‌లో సీటు రానేదు. నీవి చూస్తే నవ్వుతారు. పరువు తియ్యకు." ఆ మాటకి ఏడుపు రాలేదు. విసుగొచ్చింది. మర్నాడే దరఖాస్తు చేశాను.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. బడి విడిచాక ఖాళీ తరగతిలో కూర్చున్నాను. తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ నా కాగితాలు చూస్తూ అడిగింది, "మీ యాభై ఎనిమిదిని మేమెలా అర్థం చేసుకోవాలి?" క్షమించమని అడిగే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. "మా దగ్గర అరవై వస్తే ఫస్ట్ క్లాస్. ఆ ఏడు మా కాలేజీలో అది ఒక్కరికే వచ్చింది. తర్వాత నేనే. చరిత్రకి ఎనభైలు వేసే అలవాటు మాకు లేదు" అన్నాను. ఆవిడ తలూపింది. "ఇక్కడ డెబ్బై వస్తేనే గొప్ప. మీ పద్ధతి నాకు కొత్త కాదు. మీరెలా చెబుతారో విందామని అడిగాను. సరే, మీ అమ్మమ్మ గురించి చెప్పండి." ఎంతసేపు మాట్లాడానో నాకు గుర్తులేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సీటూ స్కాలర్‌షిప్పూ వచ్చాయని తెలిసిన రోజు, అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు వడ్డిస్తూ చెప్పాను. ప్రవీణ్ చెయ్యి ఆగిపోయింది. "మన మార్కుల పద్ధతి తెలీక ఇచ్చుంటారు."

"తెలుసు. అడిగారు, చెప్పాను."

"ఏడాదంతా ఆడికి వండీదెవరు?" అంది అత్త.

"వంట చేతులతో చేసేదే కదత్తా. మీ అబ్బాయికి రెండున్నాయి."

ప్రవీణ్ కంచం పక్కకి నెట్టాడు. "నన్నడక్కుండానే ఒప్పేసుకున్నావేటి?"

"అడగాలనిపించలేదు. సెప్టెంబరులో ఎల్తన్నాను" అని, నా కంచంలో అన్నం పెట్టుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నాను.