చీటీలో వచ్చిన పక్షం

బయటినుంచి వచ్చినవాళ్లతో ఈ నగరం పాడైపోయిందని రోజుకు పదిసార్లు అనకపోతే బేకరీ బాబాయికి పొద్దు గడిచేది కాదు. బస్సులో సీటు దొరక్కపోయినా, కుళాయిలో ధార సన్నబడినా, ఆఖరికి బ్రెడ్డు పిండి సరిగా పొంగకపోయినా నేరం వాళ్లదే. అందుకే పేట లైబ్రరీలో "వలసలు నగరానికి లాభమా, నష్టమా" అని చర్చ పెడుతున్నారని తెలియగానే అందరికంటే ముందు పేరు రాయించాడు.

"నా నోటికి ఎదురు ఎవడు నిలుస్తాడో చూస్తా!" అన్నాడు ఇంటికొచ్చి.

"ముప్ఫై ఏళ్లుగా నేను నిలవట్లేదూ?" అంది పిన్ని.

తీరా చూస్తే ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేలుస్తారట. బాబాయి చీటీలో "లాభం" అని ఉంది. వెనక ఇంకేమైనా రాసుందేమోనని తిప్పి చూశాడు. "నష్టం" చీటీ వచ్చింది, రెండేళ్ల క్రితం పొరుగు దేశం నుంచి వచ్చి ఏడో నంబరు బస్సు నడుపుతున్న డ్రైవరమ్మాయికి!

"మార్చుకుంటాం మేడం," అన్నారిద్దరూ ఒక్కసారే.

"కుదరదు. రోజూ అనేదే అనడానికి ఇక్కడిదాకా రావడమెందుకు?" అంది లైబ్రరీ మేడం.

మూడు రోజులు గడిచినా బాబాయి కాగితం మీద ఒక్క ముక్క పడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి డ్రైవరమ్మాయే బేకరీకి వచ్చింది.

"బాబాయ్, మమ్మల్ని మేమే తిట్టుకోవాలంటే మాట రావట్లేదు. మీకైతే అలవాటేగా, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి."

బాబాయి ముఖం వెలిగిపోయింది. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. అద్దెలన్న మాట రాగానే ఆ అమ్మాయి ఆపింది.

"అది నాకు మీకంటే బాగా తెలుసు. ఒక్క గదిలో నలుగురం ఉంటున్నాం. ఇదేంటని అడిగితే, ఇష్టం లేకపోతే పొండి, మీలాంటివాళ్లు బోలెడుమంది అంటాడు ఓనరు."

బాబాయి వేళ్లు మడవడం మానేశాడు. నష్టం వాళ్లకు కూడా ఉంటుందన్న సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు.

"సరే, మరి నాకు లాభాలు చెప్పు," అన్నాడు మెల్లగా.

"మీ రెండో ఓవెన్ మళ్లీ ఎప్పుడు వెలిగించారు?"

"పోయినేడు. పదకొండేళ్లు మూలపడి ఉండేది."

"పొద్దున్నే బ్రెడ్డుకి లైన్లో నిలబడేది ఎవరు?"

ఆ లైన్లోని ముఖాలు ఒక్కొక్కటే తలుచుకున్నాడు బాబాయి; సగానికి పైగా బయటినుంచి వచ్చినవాళ్లే. అదంతా తన చేతి మహిమే అనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

ఆదివారం హాలు కిటకిటలాడింది. డ్రైవరమ్మాయి ఆ ఒక్క గది గురించి, వంటకి వంతులు, స్నానానికి వంతులు, నిద్రకి వంతుల గురించి చెబుతుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "మేమొచ్చామని మీ అద్దె పెంచారు, మీరున్నారని మా అద్దె పెంచారు. బాగుపడింది ఓనరే!" అనేసరికి చప్పట్లు మోగిపోయాయి. బాబాయి ఓవెన్ సంగతి చెప్పాడు గానీ, సగంలో కాగితం తలకిందులై తడబడ్డాడు. నష్టం పక్షమే గెలిచిందన్నారు.

బాబాయి దిగ్గున లేచాడు.

"అన్యాయం! నష్టమేంటి నష్టం? ఈ పిల్ల రాకముందు డ్రైవర్లు లేక ఏడో నంబరు ఆపేశారు, మర్చిపోయారా? కూరగాయల సంచులు మోసుకుని నడిచాం కాదూ? అసలు ఈ నగరం..."

"బాబాయ్, టైమైపోయింది!" అంది లైబ్రరీ మేడం నవ్వాపుకోలేక. పిన్నికైతే కళ్లవెంట నీళ్లొచ్చాయి. గెలిచిన అమ్మాయి ఓడిన బాబాయి కోసం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఇద్దరూ కలిసి వార్డు ఆఫీసుకు వెళ్లారు. ఒకరి మాట మీద ఒకరు పడి అద్దెల గురించి అరుస్తుంటే, "ఎవరో ఒకరు చెప్పండి తల్లీ!" అని దండం పెట్టి, ఆ అధికారి అప్పటికప్పుడే ఫిర్యాదు రాసుకున్నాడు. నెల తిరగకముందే తనిఖీవాళ్లు వచ్చి, అంత అద్దెకు ఒక్క గదిలో నలుగురంటే కుదరదన్నారు. తాళం వేసి ఉంచుకున్న పక్కగది కూడా తెరిచి, అదే అద్దెకు ఆ నలుగురికీ ఇవ్వక తప్పలేదు ఓనరుకు. ఆ సాయంత్రం బాబాయి కొత్త గదికి వేడివేడి బన్నులు పట్టుకెళ్లాడు. పరుపు కూడా లేని ఆ గదిలో, నేల మీదే చతికిలబడి, బస్సు టైముకు రావడం లేదని ఆ అమ్మాయితో గంటసేపు కమ్మగా పోట్లాడాడు.